లైన్ల లెక్క తేల్చిన ఎర్లాంగ్ గారు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి పంపమని మన కార్యదర్శి గారు కోరారు. దేశ నాయకుల గురించి రాసేవారు మనలో చాలామందే ఉన్నారు కనుక, టెలిఫోన్ శాఖ వాళ్ళమంతా పేరు విని కూడా మనిషిని ఎరగని ఒకరిని నేను ఎంచుకున్నాను. ట్రాఫిక్ లెక్కల్లో ఎర్లాంగ్ అంటే ఒక కొలత. ఒక లైను గంటసేపు తీరిక లేకుండా నడిస్తే ఆ గంటలో అది మోసిన ట్రాఫిక్ ఒక ఎర్లాంగ్. నిజానికి అది ఒక పెద్దమనిషి ఇంటిపేరు.

అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ గారు 1878 జనవరి 1న డెన్మార్కులోని లోన్‌బోర్గ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి బడిపంతులు. సాయంత్రాలు అన్న ఫ్రెడరిక్ పుస్తకం పట్టుకుని చదువుతుంటే, ఎదురుగా కూర్చుని ఈయన అదే పేజీని తలకిందులుగా చదివేవారట. 14వ ఏట కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వారి ప్రాథమిక పరీక్షకు కూర్చోవడానికి వయసు చాలక ప్రత్యేక అనుమతి తీసుకోవలసి వచ్చింది. తరువాత రెండేళ్ళు తండ్రి బడిలోనే పాఠాలు చెప్పారు. 1896లో విశ్వవిద్యాలయంలో చేరి 1901లో గణితంలో పట్టా పుచ్చుకున్నారు. ఆపైన ఏడేళ్ళు మళ్ళీ పంతులుగిరీయే.

గణిత సంఘం సమావేశాల్లో ఆయనకు జెన్సెన్ గారు పరిచయమయ్యారు. ఆయన కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ముఖ్య ఇంజనీరు, తీరిక వేళల్లో గణితవేత్త. ఆ పరిచయంతో ఎర్లాంగ్ గారు 1908లో కంపెనీలో చేరారు. అక్కడి చిక్కు మనకూ తెలిసినదే. లైన్లు ఎక్కువ వేస్తే డబ్బు దండగ, తక్కువ వేస్తే జనం చేత తిట్లు. ఎన్ని చాలు?

ఎవరు ఎప్పుడు ఫోన్ ఎత్తుతారో చెప్పలేకపోయినా, వందల మంది కలిస్తే ఆ రాకకు ఒక పద్ధతి ఉంటుందని ఆయన 1909లో చూపించారు. 1917లో అసలు సూత్రం ఇచ్చారు. గంటకు సగటున 20 కాల్స్, ఒక్కొక్కటి సుమారు 3 నిమిషాలు అనుకోండి. మొత్తం గంట పనే కదా, ఒక్క లైను చాలదా అనిపిస్తుంది. కానీ ఒక్క లైనుంటే సగం మందికి ఎంగేజ్ వస్తుంది. రెండుంటే అయిదుగురిలో ఒకరికి, మూడుంటే 16 మందిలో ఒకరికి, నాలుగుంటే 65 మందిలో ఒకరికి. వేచి ఉండే పద్ధతి ఉంటే ఎంతసేపు ఆగాలో కూడా ఆయనే లెక్క కట్టారు.

ఈ లెక్క చదవక ముందే నిర్మల్‌లో ట్రంకు బోర్డు ముందు కూర్చుని నేను దాన్ని కళ్ళారా చూశాను. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు మీకు గుర్తుండే ఉంటాయి. అర్జెంటుకు రెట్టింపు చార్జీ, లైట్నింగుకు ఎనిమిది రెట్లు. ఒక వానాకాలం రాత్రి ఒక పెద్దాయన హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్న కొడుకు సంగతి తెలుసుకుందామని ఆర్డినరీ బుక్ చేసి బల్ల మీద కూర్చున్నాడు. అంతలో ఒక పత్తి వ్యాపారి ధర కనుక్కోవడానికి లైట్నింగు అడిగాడు. రూలు రూలే. పెద్దాయన కండువా సర్దుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి తెల్లవారుజామయింది. ఒకరిని ముందుకు పంపితే లైన్లు పెరగవు, ఆ ఆలస్యం వెనకవాళ్ళ నెత్తిన పడుతుంది, అంతే.

ఇప్పుడు ట్రంకు బోర్డులు లేవు, మన నిర్మలే 2016లో జిల్లా అయింది. వరస పెట్టే పని మాత్రం సెల్ టవర్లకు తప్పలేదు. పాత 2జీ టవరులో ఒక్కో ఫ్రీక్వెన్సీని ఎనిమిది వంతులు చేసేవారు. మాటకు చోటు చాలకపోతే ఇంటర్నెట్టు పక్కకు తప్పుకునేది. 4జీలో మాట కూడా చిన్న చిన్న ముక్కలుగానే పోతుంది. ఫోటో రెండు సెకన్లు ఆలస్యమైతే నష్టం లేదు, మాట ముక్క ఆలస్యమైతే పారేయవలసిందే. అందుకని మాటకు విడిగా దారి కేటాయించి, సెకనులో పదోవంతు లోపల దాటించాలని గడువు పెట్టారు. ఈ ఏర్పాటు మన లైట్నింగు కంటే మేలని నా అభిప్రాయం. ఇక్కడ జేబు బరువు చూడరు, సరుకు స్వభావం చూస్తారు. ఒక్క మాట: వాట్సాప్‌లో చేసే కాలుకు మామూలుగా ఈ ప్రత్యేక దారి ఉండదు, అది ఇంటర్నెట్టు గుంపులోనే పోతుంది. రాత్రివేళ ఆపద వస్తే మనుమలను మామూలు నంబరే నొక్కమనండి. ఒక టవరు ఏకకాలంలో ఎన్ని కాల్స్ మోయాలో తేల్చేందుకు ఎర్లాంగ్ గారి సూత్రమే నేటికీ ఆధారం.

ఆయన బల్ల దగ్గర కూర్చుని లెక్కలు వేసిన మనిషి మాత్రమే కాదు. నిచ్చెన మోసే పనివాణ్ణి వెంటబెట్టుకుని కోపెన్‌హాగన్ వీధుల్లో తిరిగి, మాన్‌హోళ్ళలోకి స్వయంగా దిగి కొలతలు తీసేవారు. పెళ్ళి చేసుకోలేదు. జీతం పుస్తకాలకు, సాయం కోరి వచ్చిన పేదలకు పోయేది. ఇరవై ఏళ్ళ సర్వీసులో అనారోగ్యమని ఒక్కనాడూ సెలవు పెట్టలేదు. 1929 జనవరిలో కడుపు ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరి, ఫిబ్రవరి 3న, 51వ ఏట కన్నుమూశారు. పెన్షను మొహం చూడకుండానే పోయారు. ఆయన పేరును కొలతగా అంతర్జాతీయ టెలిఫోన్ సంఘం 1946లో స్వీకరించింది.