షార్ పేరు వెనక మనిషి

సూళ్లూరుపేటలో రైలు దిగి పులికాట్ దాటితే షార్. ఆ కేంద్రానికి ఎవరి పేరుందో మన విద్యార్థులు తెలుసుకోవాలి.

సతీష్ ధావన్ గారు 1920లో శ్రీనగర్‌లో పుట్టారు. లాహోరులో లెక్కలూ, ఇంగ్లీషు సాహిత్యమూ, ఇంజనీరింగూ చదివారు (మూడూ ఒకరే!). యుద్ధం ముగిసే రోజుల్లో బెంగుళూరు విమాన కర్మాగారంలో పనిచేసి, అమెరికాలో 1951లో డాక్టరేటు పొందారు. భార్య నళిని గారు జన్యుశాస్త్రవేత్త, పిల్లలు ముగ్గురు.

1972లో ఇస్రో ఛైర్మనయ్యారు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 లేచిన 317 సెకన్లకే బంగాళాఖాతం పాలయింది. ప్రాజెక్టు సారథి కలాం గారు. విలేఖరులు కాచుకుని ఉన్నారు. ధావన్ గారు తానే ముందుకొచ్చి నింద నెత్తికెత్తుకున్నారు. మరుసటేడు జులై 18న రోహిణి కక్ష్యకి చేరింది. ఆ రోజు మాత్రం మాట్లాడమని కలాం గారినే పంపారు. ఎంతమంది పైఅధికారులు అలా చేస్తారు?

పక్షులెలా ఎగురుతాయో కూడా పుస్తకం రాశారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ సెప్టెంబరులో షార్‌కి ఆయన పేరు పెట్టారు.