భీమవరం బిడ్డ – బంగారు మందు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని వాళ్ళు మన గోదావరి జిల్లాల్లో అరుదు. ఆయన ఏం చేశారో చెప్పమంటే మాత్రం మనలో చాలామందిమి తడుముకుంటాం.

1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివే రోజుల్లో, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయల్దేరారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. అన్నదమ్ములిద్దర్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది.

1923లో అమెరికా వెళ్ళారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన భాస్వరం కొలిచే పద్ధతి ఇప్పటికీ మా పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో 1945కల్లా ఫోలిక్ యాసిడ్ తయారైంది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనికొచ్చింది. బోదకాలు జబ్బుకు హెట్రజాన్ వచ్చింది. డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన బంగారు రంగు మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇంత కష్టపడి సాధించిన మందుల్ని మనమెలా వాడుతున్నాం? మన మన్యంలో గిరిజన బిడ్డల్ని పీడించే సికిల్ సెల్ జబ్బునే చూడండి. ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డం పడితే భరించలేని నొప్పులొస్తాయి. జ్వరంగాని, సూక్ష్మజీవులు సోకిన గుర్తులుగాని లేనప్పుడు ఆ నొప్పికి యాంటిబయాటిక్ ఏం చేస్తుంది? కావలసింది నొప్పి తగ్గించే మందు, ఒంటికి తగినంత నీరు, డాక్టరు కనిపెట్టి ఉండటం. జ్వరమొస్తే మాత్రం కథ వేరు. ప్లీహం దెబ్బతిన్న శరీరం సూక్ష్మజీవుల్ని తట్టుకోలేదు. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. అప్పుడు యాంటిబయాటిక్ ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. పసిపిల్లలకు డాక్టరు ముందుజాగ్రత్తగా ఇచ్చే పెన్సిలిన్ కూడా మానకూడదు.

మేం రైతులం. పురుగేదో చూడకుండా మందు కొట్టుకుంటూ పోతే సుడిదోమ మొండికెత్తి చేనంతా మాడ్చేస్తుందని మాకు తెలుసు. ఒంట్లో సూక్ష్మజీవీ అంతే. అక్కర లేనప్పుడు వాడిన మందు, అక్కర పడ్డ రోజున పనిచెయ్యదు.

భీమవరంలో పుట్టిన ఆ మహానుభావుడికి మనం చేయగల అసలైన పూజ, ఆ మందుల్ని అవసరమైన రోగి కోసం దాచిపెట్టడమే.