గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గుట్టు చూపిన హెన్రియెట్టా లాక్స్ కణాలు

నల్లజాతి మహిళ హెన్రియెట్టా లాక్స్ 1920లో అమెరికాలోని వర్జీనియాలో జన్మించారు. పొగాకు పొలాల్లో పెరిగారు. ఐదుగురు బిడ్డల తల్లి. 1951 జనవరిలో రక్తస్రావంతో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బయటపడింది. రేడియం చికిత్స ఫలించలేదు. అదే ఏడాది అక్టోబరు 4న, 31 ఏళ్లకే కన్నుమూశారు.

చికిత్స వేళ వైద్యులు ఆమె అనుమతి అడగకుండానే కణితి నుంచి చిన్న ముక్క తీసుకున్నారు. ఆ కణాలు మిగతా నమూనాల్లా నశించక, ప్రయోగశాలలో నిరంతరం వృద్ధి చెందాయి. ‘హీలా’ పేరుతో దేశదేశాలకూ చేరాయి. ఆ సంగతి కుటుంబానికి తెలియడానికి మాత్రం రెండు దశాబ్దాలు పట్టింది.

1980వ దశకంలో జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం హీలా కణాల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్ 18వ రకం డీఎన్ఏను గుర్తించింది. ఆ వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 ప్రోటీన్లు, కణ విభజనను అదుపు చేసే పి53, ఆర్‌బీ ప్రోటీన్లను నిర్వీర్యం చేస్తాయి. అంతటితో ఆగదు. జన్యువుల అక్షరక్రమం మారకుండానే వాటిపై మిథైల్ గుర్తులు చేరి, కణితులను నిరోధించే జన్యువులు కొన్ని మూగబోతాయి. వీటినే ఎపిజెనెటిక్ మార్పులంటారు. వైరస్ సోకిన వారందరికీ క్యాన్సర్ రాదు. అది ఏళ్ల తరబడి శరీరంలో తిష్ఠ వేసినప్పుడే ముప్పు.

ఈ వైరస్‌ను అడ్డుకునే తొలి టీకాకు అమెరికాలో 2006లో అనుమతి లభించింది. హెన్రియెట్టా సమాధిపై పేరున్న రాయి 2010 వరకూ లేదు.