కలమునే నమ్ముకొన్న కథకుడు: ఎడ్గార్ ఎలన్ పో

ఏ గ్రంథాలయమునందైనను ముందుగా అట్టలు చినుగు పుస్తకములలో అపరాధ పరిశోధక నవలలు తప్పక యుండును. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ తెలుగు పాఠకులకు సుపరిచితుడు. అంతకు చాల పూర్వమే, 1887లో, ఇంగ్లండున కానన్ డాయల్ రచనలో షెర్లాక్ హోమ్స్ అవతరించెను. వీరందఱికిని మూలపురుషుడు డూపిన్ అను పరిశోధకుడు. 1841లో అతనిని లోకమునకు పరిచయము చేసినవాడు అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో. అమెరికా సాహిత్యమును చదువువారి కొఱకు 1964లో తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలసెను. అట్టి విద్యాస్థానములయందు పండితులు శ్రద్ధతో పఠించు ఈ రచయిత, బ్రతికిన నాళ్లు పూటకూటికై వ్రాసిన శ్రమజీవి.

పో 1809 జనవరి 19వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులిరువురును నాటకములాడి జీవించువారు. మూడేండ్లు నిండక మునుపే తల్లి కన్నుమూసెను. రిచ్‌మండ్ నగర వర్తకుడగు జాన్ ఎలన్ ఆ బాలుని చేరదీసి పెంచెను గాని, చట్టరీత్యా దత్తు తీసికొనలేదు. 1826లో పో వర్జీనియా విశ్వవిద్యాలయమున చేరెను. ఇంటినుండి వచ్చు ధనము చాలక జూదమాడి, అప్పులపాలై, ఆ యేడే చదువు మానెను. మఱుసటి యేడు మారుపేరుతో సైన్యమున చేరెను. పేరు వేసికొనకయే ఒక చిన్న కవితాసంపుటిని అచ్చువేయించెను. 1834లో మరణించిన ఎలన్ తన యాస్తిలో అతనికి చిల్లిగవ్వయైనను వ్రాయలేదు. బాల్టిమోరున మేనత్త మరియా క్లెమ్ ఇంట తలదాచుకొన్న పోకు కలము తప్ప వేఱు ఆధారము లేకపోయెను. 1833లో ఒక వారపత్రిక పోటీయందు అతని కథకు 50 డాలర్ల బహుమానము వచ్చియుండెను. ఆ కలముతోనే బ్రతుకవచ్చునని అతడు నమ్మెను.

1835లో రిచ్‌మండ్ నుండి వెలువడు ఒక మాసపత్రికలో ఉద్యోగము దొరకెను. మఱుసటి యేడు మేనత్త కూతురగు వర్జీనియాను వివాహమాడెను. ఆమెకప్పుడు పదుమూడేండ్లు. నాటినుండి మేనత్త, భార్య, తాను, ఈ మువ్వురి సంసారము ఉద్యోగము వెంట ఊరూరు తిరిగెను. 1839లో ఫిలడెల్ఫియా నగరమున వారమునకు 10 డాలర్లకును, 1841లో గ్రేహమ్స్ మాసపత్రికయందు ఏడాదికి 800 డాలర్లకును పనిచేసెను. వచ్చిన వ్రాతప్రతులు చదువుట, ప్రూఫులు దిద్దుట, క్రొత్త గ్రంథములపై విమర్శలు వ్రాయుట, చందాదారుల ఉత్తరములకు జవాబిచ్చుట, వీనితో పాటు తన కథను గడువులోపల ముగించుట, ఇదియే అతని నిత్యకృత్యము. అతడున్న కాలముననే గ్రేహమ్స్ పత్రిక చందాదారులు అనేక రెట్లు పెరిగిరి. లాభము యజమానికి చేరెను. సంపాదకుని జీతము పెరగలేదు.

దయ్యములును, శవపేటికలును, కూలిపోవు మేడలును గల కథలు వ్రాసినవాడు ఉన్మాదియై అర్ధరాత్రులందు వ్రాసియుండునని పలువురు తలంతురు. పో పద్ధతి అందుకు భిన్నము. ముగింపును ముందుగా నిశ్చయించుకొని పిమ్మట కథ నల్లవలెననియు, చిన్నకథ ఒక్క బిగిని చదివి ముగింపదగినదై, అందలి ప్రతి వాక్యమును ఒకే ఫలమును సాధింపవలెననియు అతని సిద్ధాంతము. సన్నని కాగితపు పట్టీలను ఒకదానికొకటి అంటించి, ముత్యములవంటి చిన్న అక్షరములతో వ్రాసి, చుట్టగా చుట్టి పత్రికలవారికి ఇచ్చుచుండెను. 1841 ఏప్రిల్‌లో గ్రేహమ్స్ పత్రికయందు వెలువడిన 'ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్' అట్టి రచన. పారిస్ నగరమున లోపల గడియ వేసిన గదిలో తల్లియు కూతురును హతులైరి. పోలీసులు దారి తెన్ను కానకుండగా, డూపిన్ పత్రికల వార్తలు చదివి, హత్యాస్థలమును చూచి, కేవల తర్కముతో చిక్కు విప్పును. హంతకుడెవరో చదివి తెలిసికొనుటయే న్యాయము.

ఇంతటి శ్రమకు ప్రతిఫలము స్వల్పము. 1839లో రెండు సంపుటములుగా అచ్చయిన అతని కథలకు ప్రచురణకర్తలు రొక్క మీయక కొన్ని ప్రతులు మాత్రమే యిచ్చిరి. 1843లో 'ది గోల్డ్ బగ్' కథకు 100 డాలర్ల బహుమానము వచ్చుట అతని జీవితమున గొప్ప సంగతి. 1845లో 'ది రేవెన్' కావ్యము దేశమంతట మారుమ్రోగెను గాని, దానికి లభించినవి కొలది డాలర్లే. దీనికొక కారణము కలదు. విదేశ రచయితల హక్కులను కాపాడు చట్టము అమెరికాలో 1891 వఱకు లేదు. ఇంగ్లండు నవలలను ఉచితముగా అచ్చువేసికొని అమ్ముకొనువారికి స్వదేశ రచయితకు సొమ్మిచ్చి వ్రాయించుకొను అగత్యమేమి? సొంతముగా ఒక ఉత్తమ పత్రికను స్థాపింపవలెనని పో కడదాక యత్నించెను. అది నెఱవేరలేదు.

1842 జనవరిలో వర్జీనియా పాట పాడుచుండగా నోట రక్తము పడెను. అది క్షయరోగము. రోగము తగ్గుచు, మరల ముదురుచు ఐదేండ్లు సాగెను. ఆ వేదనతో పో మద్యమునకు లోబడిన దినములు గలవు; అది అతని ఉద్యోగములకును మైత్రులకును చెఱుపు చేసెను. 1844లో న్యూయార్క్ చేరునప్పటికి చేత మిగిలినది నాలుగున్నర డాలర్లు. 1846లో నగరమునకు వెలుపల ఫోర్డ్‌హామ్ అను పల్లెయందు చిన్న యింట కాపురము పెట్టిరి. ఆ చలికాలమున గడ్డిపఱుపుపై పరుండిన రోగికి కప్పుటకు భర్త పాత సైనికకోటే దిక్కు. పెంపుడు పిల్లి ఆమె ఱొమ్ముపై పండుకొని వెచ్చదన మిచ్చుచుండెను. అల్లుని వ్రాతప్రతులను చేతబట్టి మేనత్త పత్రికా కార్యాలయముల మెట్లెక్కుచుండెను. 1847 జనవరి 30వ తేదీన వర్జీనియా మరణించెను.

1849 అక్టోబరు 3వ తేదీన బాల్టిమోరు వీథిలో పో స్మృతి తప్పిన స్థితిలో కానవచ్చెను. 7వ తేదీన ఆసుపత్రిలో ప్రాణములు విడిచెను. వయస్సు నలువదేండ్లు. రహస్యములు విప్పు కథలను లోకమునకు నేర్పినవాని మరణమునకు కారణము నేటికిని తేలని రహస్యమే. అతని రచనలకు సంపాదకుడైన గ్రిస్వోల్డ్, ఉత్తరములను సైతము మార్చి, అతని నొక దుర్మార్గునిగా చిత్రించెను. లోకము చాలకాలము దానినే నమ్మెను. 1941లో ఆర్థర్ హాబ్సన్ క్విన్ వ్రాసిన జీవితచరిత్ర ఆ కపటమును బయటపెట్టెను.

పో నిర్మించిన మార్గమున నేడు ప్రపంచమంతట పరిశోధక నవలలు వెలువడుచున్నవి. వానిని తేలిక పుస్తకములని కొందఱు చులకన చేయుదురు. అట్టి కథలోని ఒక్కొక్క వాక్యము వెనుక ఎంత మెలకువ, ఎంత దైన్యము దాగియుండునో ఈ జీవితము చెప్పుచున్నది. చందా చెల్లించి పుస్తకమును చేతబట్టు గ్రామ పాఠకుడు తనకు తెలియకయే ఒక రచయిత శ్రమను గౌరవించుచున్నాడు. పో వంటివారికి జీవితకాలమున కఱవైనది ఆ గౌరవమే.