మధురవాణిని మలచిన గురజాడ

నాడు విశాఖపట్టణం జిల్లాలో ఉండి, 2022లో చోడవరంతో పాటు అనకాపల్లి జిల్లాలో చేరిన సర్వసిద్ధి రాయవరంలో, తల్లిగారి పుట్టినింట, 1862 సెప్టెంబరు 21వ తేదీన గురజాడ వేంకట అప్పారావుగారు జన్మించినారు. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తొలి చదువు చీపురుపల్లిలో సాగినది. పిమ్మట విజయనగరం చేరగా మహారాజా కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖర శాస్త్రిగారు ఆ బాలునికి భోజన వసతులు కల్పించి ఆదరించినారు. గిడుగు రామమూర్తిగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1886లో బి.ఏ. పట్టం పొంది, ఆ కళాశాలలోనే ఉపన్యాసకులై, అప్పారావుగారు ఆనంద గజపతి మహారాజుగారి మన్ననకు పాత్రులైనారు.

ఆ కాలమున బ్రాహ్మణ కుటుంబాలలో పసిపిల్లలను సొమ్ము పుచ్చుకొని వృద్ధులకు కట్టబెట్టే దురాచారం ప్రబలి ఉండినది. విశాఖపట్టణం జిల్లాలో మూడేండ్లలో జరిగిన ఇట్టి వివాహాల పట్టికను మహారాజుగారు తయారు చేయించినారు. అందులో 1,034 పెండ్లిండ్లు నమోదైనవి. ఐదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది. ఏడాది వయస్సు శిశువులు ముగ్గురు. ఆ శిశువుల వెల 350 మొదలు 400 రూపాయల వరకు పలికినది. ఆ పట్టికలోని అంకెలకు ముఖాలను, మనస్సులను కల్పించుటయే అప్పారావుగారు తలపెట్టిన పని.

అట్లు పుట్టిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయినది. జనులు ఇండ్లలో మాట్లాడే భాషనే ఆయన రంగస్థలంపైకి తెచ్చినారు. స్త్రీ పాత్రలకు దీనివలన కలిగిన మేలు గొప్పది. గ్రాంథిక సంభాషణలో రాణియైనా దాసియైనా ఒకే తీరున పలుకును. ఇక్కడ వెంకమ్మ పలుకు వేరు, బుచ్చమ్మ పలుకు వేరు, మీనాక్షి పలుకు వేరు. వారి పనులకు హేతువులూ వేరే. చిన్నకూతురు సుబ్బిని ముసలివానికి అమ్ముటకు భర్త సిద్ధపడగా, వారించే దారి లేక వెంకమ్మ నూతిలో దూకినది. బాలవితంతువు బుచ్చమ్మ గిరీశంతో వెళ్లుటకు ఒప్పుకొన్నది మోహం ఒక్కదానిచేతనే కాదు. తాను వెళ్లిన చెల్లెలి పెండ్లి తప్పునని అతడు నమ్మించినాడు. ఆమెను తప్పుపట్టబోయిన ప్రేక్షకుడు ఆ సంగతి తలచుకొని ఆగిపోవును.

నాటకం ప్రసిద్ధి కెక్కినను అప్పారావుగారు తృప్తి చెందలేదు. ఇంతలో 1897లోనే ఆనంద గజపతి దివంగతులైనారు. మహారాజుగారి సోదరి రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శిగా ఉంటూ, సంస్థానపు వ్యాజ్యాల నడుమ, ఆయన నాటకాన్ని తిరిగి వ్రాసినారు. పెంచి, మార్చిన కూర్పు 1909లో వెలువడినది. ఈ పన్నెండేండ్లలో అందరికంటె ఎక్కువగా ఎదిగినది మధురవాణి.

సంస్కర్తలు వేశ్యల మేళాలను బహిష్కరించుచున్న దినాలవి. వేశ్యను మోసకత్తెగా చూపి నవ్వించుట రచయితకు సులభం. పశ్చాత్తాపంతో ఏడిపించుట మరింత సులభం. అప్పారావుగారు ఈ రెండు దారులూ తొక్కలేదు. మధురవాణికి వృత్తి ఉన్నది, లెక్క ఉన్నది, ఆ లెక్కకు లొంగని జాలి కూడ ఉన్నది. సుబ్బిని కాపాడుటకు కరటక శాస్త్రి పన్నిన ఉపాయానికి ఆమె తోడ్పడినది. తుదకు, వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన సౌజన్యారావు ఎదుట పురుష వేషంలో నిలిచి, సత్యం వెల్లడించి, నిరపరాధిని కాపాడినది. ఆ పెద్దమనిషిని చిక్కుపరచే అవకాశం చేతికందినను విడిచిపెట్టినది. ఆమెను పరీక్షించవలసిన సంస్కర్తయే అక్కడ పరీక్షకు గురియైనాడు.

తరువాతి రచనలలోను ఈ దృష్టి చెదరలేదు. 1910 నాటి దిద్దుబాటు కథలో చదువుకొన్న కమలిని, దారి తప్పిన భర్తను కన్నీటితో గాక తెలివితో దిద్దినది. వృద్ధునికి అమ్ముడైన పూర్ణమ్మ కథను ఆయన గేయంగా చెప్పినారు. మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్య సంఘ సభ్యులుగా వ్యావహారిక భాషకై వాదించి, 1914లో తమ అసమ్మతి పత్రాన్ని ప్రకటించినారు. 1915 నవంబరు 30వ తేదీన విజయనగరంలో కన్నుమూసినారు.

కన్యాశుల్కం 1955లో చలనచిత్రమైనప్పుడు సావిత్రి మధురవాణిగా నటించినది. ఇప్పుడు నాటకం టెలివిజన్ ధారావాహికల రూపంలో ప్రతి యింటికీ వచ్చినది. అందులో ఒక స్త్రీ కారణం లేకుండానే విషం కలుపును. మరొకతె కారణం లేకుండానే సర్వమూ సహించును. ఒకతెకు దుష్టత్వం, మరొకతెకు ఓర్పు తప్ప మనస్సనునది కానరాదు. స్త్రీని కొట్టుట, తిట్టుట మాత్రమే అవమానం కాదు. ఆమె చేసే పనికి హేతువు అక్కరలేదనుకొనుట కూడ అవమానమే. తరగతిలో కన్యాశుల్కం చదివే విద్యార్థి ప్రతి పాత్రను గూర్చి, ఈమె ఈ పని ఎందుకు చేసినదని అడుగుట నేర్చుకొనవలెను. ఇంటికి వెళ్లి ధారావాహిక చూచునప్పుడును అదే ప్రశ్న వేయగలిగిన నాడు అప్పారావుగారి శ్రమ ఫలించినట్లగును.