ఎంజైముల మర్మమెరిగిన యల్లాప్రగడ సుబ్బారావు

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతములో మందుల కర్మాగారములు అనేకము కలవు. ఎంత వేడి, ఎంత పాలు అను రెండు ప్రశ్నలకు లెక్క తప్పినచో అక్కడ మందు మందు కాదు. ఈ రెండు ప్రశ్నలే ప్రాణులలోని ఎంజైములను కూడ శాసించుచున్నవి. ఆ ఎంజైముల లోకములో జీవితమంతయు గడపిన తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరములో జన్మించినారు. పేదరికములో పెరిగి, మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషన్ గట్టెక్కినారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనారు, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తి పడవలసి వచ్చినది. అన్నగారిని స్ప్రూ అను పేగుల వ్యాధి బలిగొన్నది. ఆ దుఃఖమును గుండెలో మోసికొని 1922లో బోస్టన్ చేరినారు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరమును నీలిరంగుతో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినారు. కండరపు సారములో ఆ రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆ జాప్యమునకు కారణము వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. 1929లో, జర్మనీలో లోమన్ కనుగొన్న కాలముననే, వీరును ఏ.టి.పి.ని వేరుపరచినారు. ఇట్టి పరిశోధనలలో చిక్కేమనగా, కోసిన కండరములోను ఎంజైములు పని మానవు. పది డిగ్రీల వేడి పెరిగినచో వాటి వేగము ఇంచుమించు రెట్టింపగును. మరీ హెచ్చినచో వాటి ఆకృతియే చెడి పని నిలిచిపోవును. మరుగు పాలలో తోడు వేసిన పెరుగు కానట్లే ఇదియును. అందుచేత పరిశోధకులు కండరమును వెంటనే చల్లబరచి, ఎంజైములను అణచిన పిదపనే కొలతకు పూనుకొందురు.

ఇక పాళ్ల సంగతి. విందులో వడ్డించువారు పదిమందే ఐనచో, అతిథులు పెరిగినకొలది వడ్డన జోరందుకొనును. పదిమంది చేతులును నిండిన పిదప వేగము పెరుగదు. ఎంజైముల తీరు అట్టిదే. వడ్డించువాని చేతిలో ఖాళీ పాత్ర నిలిపినచో వడ్డనయే ఆగిపోవును.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన సుబ్బారావు బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అన్నగారిని కబళించిన స్ప్రూకు అది ఔషధమైనది. పిమ్మట అదే బృందము ఆ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్‌ను రూపొందించినది. అది ఫోలిక్ ఆమ్లము చేరవలసిన ఎంజైములో తానే తిష్ఠవేయును. మందు పాలు చాలినంత ఉన్నచో క్యాన్సరు కణము వృద్ధికి దారి దొరకదు. సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, కొందరికి తాత్కాలికముగా గుణము కనిపించినదని 1948లో ప్రకటించినారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వైద్యులు వాడుచున్న మందు.

ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు అమెరికాలో కన్నుమూసినారు. 1922లో విడిచిన స్వదేశమును మరల చూడలేదు. ఐనను బడిలో వారమునకొకసారి పిల్లలు మ్రింగు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలో ఆయన శ్రమలో ఒక పాలు కలదు.