మన నేల కింది సముద్రాన్ని చదివిన మనిషి: రాబర్ట్ బ్రూస్ ఫుట్ జీవితం

దర్శి: మన దగ్గర పొలంలో బోరు వేసేటప్పుడు పైపులోంచి రాతిపొడి ఎగజిమ్ముతుంది. ముందు నల్లరేగడి మట్టి, తర్వాత గరుసు, ఆ తర్వాత గట్టి రాయి. రైతు కళ్లు నీటి కోసమే చూస్తాయి. ఆ పొడిలో కోట్ల ఏళ్ల చరిత్ర ఉందని ఎవరికి గుర్తొస్తుంది? ఆ చరిత్రను చదవడానికి మన ప్రకాశం, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల్లో గుర్రాల మీద, ఎద్దుబండ్ల మీద, కాలినడకన తిరిగిన వాళ్లలో ముందు వరసలో నిలిచే పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారతదేశ ప్రాచీన మానవ చరిత్రకు ఆద్యుడని ఆయన్ని పండితులు అంటారు. మన జిల్లా పిల్లలకు మాత్రం ఆయన పేరు పెద్దగా తెలీదు.

మద్రాసుకు వచ్చిన కుర్రాడు

ఫుట్ 1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండ్‌లోని చెల్టన్‌హామ్‌లో పుట్టాడు. 24 ఏళ్ల వయసులో, 1858 చివర్లో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. ఆ సంస్థకు సర్కారు అప్పగించిన పని బొగ్గు, ఇనుము, బంగారం ఎక్కడున్నాయో చూడటం, దేశం మొత్తం రాళ్ల పటం గీయడం. ఫుట్‌ను మద్రాసు ప్రెసిడెన్సీకి పంపారు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. మామగారు పీటర్ పెర్సివల్ తమిళ పండితుడు. జీవితంలో మిగిలిన కాలమంతా ఫుట్‌కు దక్షిణ భారతమే ఇల్లయింది.

సరిగ్గా అప్పట్లోనే యూరప్‌లో పెద్ద వాదన నడుస్తోంది. ఫ్రాన్స్‌లో నదీగర్భపు గులకల పొరల్లో, అంతరించిపోయిన జంతువుల ఎముకల పక్కన, మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. మనిషి అంత పాతవాడా అని అందరికీ ఆశ్చర్యం. అలాంటివి ఇండియాలో కూడా ఉండాలి కదా అని ఫుట్‌కు అనిపించింది.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, కవాతు మైదానం పక్కన కంకర తవ్విన గుంటలో ఆయనకు ఒక రాయి దొరికింది. రెండు వైపులా చెక్కి, చేతిలో ఇమిడేలా చేసిన గొడ్డలి అది. అప్పటికి ఆయన వయసు 28. అదే ఏడాది సెప్టెంబర్‌లో సహచరుడు విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం దగ్గర వాగు గట్టులో ఇలాంటివి మరెన్నో చూశాడు. ఈ దేశంలో మనిషి నివాసం పురాతన రాతియుగం నుంచీ ఉందని అలా మొదటిసారి రుజువైంది.

ఒంగోలు పక్కన సముద్రం

రాతి గొడ్డళ్లు ఫుట్‌కు ఇష్టమైన పని. జీతం వచ్చేది మాత్రం రాళ్ల పటం గీసినందుకు. 15 డిగ్రీల అక్షాంశం నుంచి మచిలీపట్నం దాకా తూర్పు తీరం నేల గురించి ఆయన రాసిన గ్రంథం 1879లో అచ్చయింది. మన ఒంగోలు ప్రాంతం అందులోదే.

ఒంగోలు వైపు రాళ్లను ఆయన మూడు పొరలుగా విడదీసి, మన ఊళ్ల పేర్లే పెట్టాడు. కింద బూదవాడ ఇసుకరాయి, మధ్యలో వేమవరం షేల్, పైన పావులూరు ఇసుకరాయి. ఇప్పటికీ భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఈ పేర్లే ఉన్నాయి. వేమవరం పొరల్లో ఆకుల ముద్రలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త అదే 1879లో వర్ణించాడు. ఈ పొరల్లోనే సముద్రపు గుల్లలు, నత్తలా చుట్టుకున్న అమ్మోనైట్లు కూడా దొరికాయి. ఆకులు, అమ్మోనైట్లు ఒక్కచోట ఉన్నాయంటే అర్థం ఏంటి? ఇప్పుడు పొగాకు, మిర్చి పండే ఆ నేల ఒకప్పుడు సముద్రపు ఒడ్డు అన్నమాట. ఇది 10 కోట్ల ఏళ్లకు పైమాటే.

పడమర వైపు, అంటే మార్కాపురం, కంభం వైపు రాళ్లను విలియం కింగ్ చూశాడు. ఆయన కడప, కర్నూలు పొరల గ్రంథం 1872లో వచ్చింది. మన పెద్దవాళ్లు అక్షరాలు దిద్దుకున్న మార్కాపురం పలక ఆ పొరల్లోదే. అది వంద కోట్ల ఏళ్లకు ముందు నీటి అడుగున పేరుకున్న బురద, ఒత్తిడికి గట్టిపడి పలకైంది.

రాయిని చూసి సముద్రాన్ని ఊహించడం ఇంగ్లిష్ వాళ్లతో మొదలైన విద్య కాదు. దాదాపు వెయ్యేళ్ల కిందట అల్ బిరూనీ తన కితాబుల్ హింద్‌లో ఉత్తర భారత మైదానం గురించి ఇదే చెప్పాడు. కొండల దగ్గర పెద్ద గుండ్రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్నవి, చివరికి ఇసుక కనిపించడం గమనించి, ఆ మైదానం ఒకప్పటి సముద్రమనీ, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిపోయిందనీ తేల్చాడు. ఫుట్ చేసిన పని ఆ దారిలోదే.

బిలసర్గం గుహల్లో ఎముకలు

కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గర సున్నపురాయి కొండల్లో బిలసర్గం గుహలున్నాయి. అక్కడ ఎముకలున్నాయని 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి రాశాడు. తర్వాత 40 ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. చివరికి లండన్ నుంచి థామస్ హక్స్‌లీ మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కు చెప్పడంతో, ఆ పని ఫుట్‌కు వచ్చింది. ఆయన కొడుకు, సైన్యంలో పనిచేసే హెన్రీ, తవ్వకాలు కొనసాగించాడు.

ఆ మట్టిలో బయటపడిన ఎముకలను రిచర్డ్ లైడెకర్ పరిశీలించి 1886లో ప్రకటించాడు. వాటిలో ఖడ్గమృగం ఉంది. దానికి కర్నూలు పేరే పెట్టాడు. ఒకప్పుడు మన రాయలసీమలో ఖడ్గమృగాలు తిరిగేవి, ఇప్పుడు లేవు. జీవాలు శాశ్వతం కావనే సంగతి మన సొంత గుహలే సాక్ష్యం చెప్పాయి.

ఆ రాళ్లు ఈరోజు ఏం చెబుతున్నాయి

ఫుట్ చేతిలో సుత్తి, భూతద్దం, నోటుపుస్తకం ఉన్నాయి. రాయి రసాయనాన్ని కొలిచే యంత్రాలు లేవు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు అవే రాళ్లను రసాయనంతో మాట్లాడించారు.

అత్తిరంపాక్కం సంగతే చూడండి. ఆకాశం నుంచి వచ్చే కిరణాలు నేల మీదున్న పలుగురాయికి తగిలితే అందులో అల్యూమినియం-26, బెరీలియం-10 అనే అణువులు పుడతాయి. రాయి మట్టిలో లోతుగా పూడిపోతే పుట్టడం ఆగుతుంది. అల్యూమినియం త్వరగా, బెరీలియం నిదానంగా తరుగుతాయి. రెండింటి నిష్పత్తి కొలిస్తే రాయి ఎన్నాళ్లుగా పూడి ఉందో తెలుస్తుంది. శాంతి పప్పు బృందం 2011లో ఇలాంటి కొలతలతోనే అక్కడి పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని తేల్చింది. ఫుట్ ఊహించిన దానికన్నా కథ చాలా పాతది.

సముద్రపు గుల్లలు కూడా అంతే. గుల్లలోని బరువైన ఆక్సిజన్‌, తేలికైన ఆక్సిజన్‌ పాళ్లు చూస్తే అప్పటి నీటి వెచ్చదనం తెలుస్తుంది. కార్బన్ పాళ్లు చూస్తే సముద్రంలో జీవం కళకళలాడిందా, కుప్పకూలిందా తెలుస్తుంది. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో లావా పొరలున్నాయి. వాటి రసాయనం పడమటి కనుమల్లోని దక్కన్ లావాతో సరిపోయింది. అంటే వందల కిలోమీటర్లు పారి సముద్రం దాకా వచ్చిందన్నమాట. ఆ లావా పొరల మధ్య చిక్కుకున్న సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనం కాలాన్ని చూపిస్తున్నాయి. డైనోసార్లు పోయింది అప్పుడే. ఒంగోలు రాళ్లలో కనిపించే అమ్మోనైట్ల వంశం కూడా ఆ దెబ్బతోనే ప్రపంచం నుంచి తుడిచిపెట్టుకుపోయింది. ఉల్క పడటం, లావా పొంగడం, ఈ రెండింటిలో ఎవరి పాపం ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది.

ఈ విద్య మన ఇంటి దాకా వస్తుంది. దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు? నీళ్లు నిలిచే రాతిలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి. పళ్లమీద మచ్చలు, వంగిన కాళ్లు మన గడపల్లో చూస్తూనే ఉన్నాం. రాయిలో ఏముందో తెలిస్తేనే ఏ నీళ్లు తాగాలో తెలుస్తుంది.

చివరి రోజులు

ఫుట్ 33 ఏళ్లు సర్వేలో పనిచేసి 1891లో రిటైరయ్యాడు. తర్వాత బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేశాడు. ధార్వాడ్ శిలలకు ఆ పేరు పెట్టిందీ, బళ్లారి వైపు బూడిద దిబ్బలను పరిశీలించిందీ ఆయనే. ఏర్కాడు కొండమీద ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. జీవితమంతా పోగుచేసిన రాతి పనిముట్లను 1904లో మద్రాసు మ్యూజియానికి అమ్మాడు. 78 ఏళ్ల వయసులో, 1912 డిసెంబర్ 29న, కలకత్తాలో కన్నుమూశాడు. ఆ సేకరణ జాబితా ఆయన పోయాకే అచ్చయింది. ఏర్కాడు చర్చిలో ఆయన జ్ఞాపక ఫలకం ఉంది.

పేరు ఫుట్‌కు దక్కింది. బరువులు మోసిన కూలీలు, బండి తోలినవాళ్లు, గుహ దారి చూపిన పల్లె జనం కూడా ఈ కథలో భాగస్తులే. వాళ్ల మనవళ్ల మనవళ్లే ఇప్పుడు ఈ నేల మీద ఉన్నారు. క్వారీలో పగిలిన రాయిలో ఆకు ముద్రో, గుల్లో కనిపిస్తే క్రషర్‌లో వేయనివ్వకండి. దొరికిన చోటు రాసిపెట్టి, దగ్గరి కాలేజీ జియాలజీ మాస్టారికి చూపించండి. ఇంటర్ పూర్తి చేసిన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు, ఇంజనీరింగ్, డాక్టర్ అనే రెండు దారులే కాకుండా భూగర్భశాస్త్రం గురించి కూడా ఆలోచించాలి. చదవాల్సిన పుస్తకం మన కాళ్ల కిందే ఉంది.